తడి దారం

నది ఒడ్డున మూతపడిన బట్టల మిల్లును మ్యూజియం చేశాక, ఊడ్చి తుడిచే పని ఆమెకిచ్చారు. కిటికీ పక్క మగ్గం మీద ఒకప్పుడు ఆమె భర్త నేసేవాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెకు ఓ చిన్న కంత ఉంటుంది. నేతగాళ్లు దానికి నోరు ఆనించి, ఒక్క ఊపిరితో దారాన్ని బయటికి పీల్చేవాళ్లు. పంటినొప్పికని ఆయన బుగ్గన ఎప్పుడూ లవంగం ఉండేది. "నాకన్నా దానికే ముద్దులెక్కువ" అని ఆమె దెప్పేది.

చీకటి పడ్డాక దీపాలు ఆర్పబోతూ ఆయన మగ్గం దగ్గర ఆగింది. పొద్దున తుడిచినప్పుడు దారం నాడె లోపలే ఉంది. ఇప్పుడు కంతలోంచి వేలాడుతోంది. పట్టుకుంటే తడిగా తగిలింది. లవంగం వాసన.

"ఇవాళ లోపలికి ఎవరైనా వచ్చారా?" అని కేకేసింది.

"నరమానవుడు రాలేదు వదినా" అన్నాడు గేటు దగ్గర కాపలాదారు. "రేపు మగ్గాల చుట్టూ అద్దాలు బిగిస్తారుగా. ఇక ఎవరూ ముట్టుకోవడానికి లేదు."

ఆమె దారాన్ని మెల్లగా లోపలికి లాగేసి, నాడెను ఉన్నచోటే పెట్టి, దీపాలు ఆర్పింది. పని చేస్తుంటే ఎవరైనా చూడడం ఆయనకు గిట్టదు. అందుకే అటు తిరిగి నిలబడింది.

కాసేపు నది చప్పుడు వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది. వెనకాల ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు.

"వదినా, తాళం వేసెయ్యనా?"

"వేసేసి వెళ్లవయ్యా" అంది, తలుపు వైపు ఒక్క అడుగైనా వెయ్యకుండా.