ఎత్తని ఫోను

"సమాచారం అంటే ఏ శాఖవాళ్లు ఏమంటారో అంతా రాశావు. మరి నువ్వేమంటావమ్మా?" పీహెచ్‌డీ వైవాలో నా విద్యార్థినిని ఎలక్ట్రానిక్స్ ప్రొఫెసర్ నిలదీశాడు.

"ఒక తల్లి రోజూ కొడుక్కి ఫోన్ చేస్తుంది సార్. రింగవుతుంది, ఎవరూ ఎత్తరు. అందులో సమాచారం ఉందా?"

"రోజూ అదేగా జరిగేది? ముందే తెలిసినదాంట్లో కొత్త సమాచారం ఏముంది? సున్నా!"

"సున్నా ఏంటండీ, మీ తలకాయ!" లైబ్రరీ సైన్స్ మేడమ్ ఊరుకుంటుందా? "రింగవుతోందంటే ఎవరో చార్జింగ్ పెడుతున్నట్టేగా. కొడుకు ఉన్నాడనుకోడానికి తల్లికి అది చాలదూ?"

"ఫోన్ బతికుంటే మనిషి బతికున్నట్టా?" ప్రొఫెసర్ తగ్గలేదు.

చూశారా మా పాండిత్యం! మొన్న సొరంగం కూలినప్పుడు "లోపల ఎవరున్నారో మా దగ్గర సమాచారం లేదు" అని కంపెనీ చేతులు దులుపుకుంటే ఒక్కడూ నోరెత్తలేదు. ఇప్పుడు అదే మాటకు అర్థం కోసం జుట్లు పట్టుకుంటున్నాం.

అంతలో ఆ అమ్మాయి సంచిలో ఫోన్ మోగింది. తీసి బల్లమీద పెట్టింది. తెరమీద "అమ్మ" అని ఉంది.

"పర్లేదు, మాట్లాడు" అన్నాను.

"నాది కాదు సార్, అన్నయ్యది. సొరంగంలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. కూలిన రోజూ బయట పెట్టి దిగాడు. ఆ సంగతి అమ్మకి తెలీదు. రోజూ నేనే చార్జింగ్ పెడుతున్నా."

ఫోన్ మోగుతూనే ఉంది.

"ఎత్తు తల్లీ, పాపం, కంగారుపడుతుంది" అంది మేడమ్, గొంతు తగ్గించి.

"ఎత్తితే అమ్మకి సమాచారం అందుతుంది మేడమ్."