బంగారుచెవి దొంగిలించిన గొంతు

దొంగిలించాల్సింది ఒక గొంతు. అదీ ఆ గొంతున్న మనిషికి తెలియకుండా.

నిద్రలోనూ మెలకువలోనూ సంగీత దర్శకుడికి ఇదే ధ్యాస. సినిమావాళ్లు ఆయన్ని బంగారుచెవి అంటారు. వందమంది కలిసి పాడుతుంటే ఒక్కడు శ్రుతి తప్పినా పట్టేస్తానని ఆయన చెప్పుకుంటాడు. ఆ బిరుదు కూడా ఆయనే తగిలించుకున్నాడని గిట్టనివాళ్లు చెప్పుకుంటారు.

ఊరంతా ఊగిపోతున్న పాటల నాటకాన్ని సినిమాగా తీస్తున్నారు. హక్కులు చేతికి రాగానే కథని చితక్కొట్టడం మొదలుపెట్టారు. నాటకమంతా ఒక వంటింట్లో నడుస్తుంది. సినిమాకి వంటిల్లు ఆనదని దాన్ని ఓడెక్కించారు. కథకి ప్రాణమైన నాయనమ్మ పాత్రని పీకేసి కుక్కని పెట్టారు. చివర్లో చచ్చిపోవాల్సిన హీరో, నేను చావనని భీష్మించుకు కూర్చున్నాడు. సరే, బతికించారు.

ఇక మిగిలినవి పాటలు. వాటి జోలికి పోకూడదని నిర్మాతకి కూడా తెలుసు. జనం టికెట్ కొనేదే ఆ పాటల కోసం. ఆ పాటలు పాడే గొంతు కోసం.

అందుకని బంగారుచెవి స్వయంగా నాటకం హీరోయిన్ ఇంటికి వెళ్లాడు.

"తెర మీద మొహం మా స్టార్‌ది. మీరు స్టూడియోకి వచ్చి పాడిపోతే చాలు."

"నేను స్టూడియోలో పాడనండీ," అంది ఆవిడ, టీ కప్పు ఆయన చేతికిస్తూ.

"ఎందుకు పాడరు?"

"పాడనంతే. ఇంకెవరినైనా చూసుకోండి."

టీ సగంలో వదిలేసి బయటికొచ్చి, కారు తలుపు ధడేల్మని వేశాడు. ఎంత పొగరు! తన ముందు పాడటానికి జనం క్యూ కడుతుంటే, తను వెళ్లి అడిగితే కాదంటుందా?

ఇంటికొచ్చి భోజనం చేస్తున్నంతసేపూ అదే సణుగుడు. ఎదురుగా కూతురు కూర్చుంది. ఆ అమ్మాయి అదే నాటకం కంపెనీలో దుస్తుల విభాగంలో పనిచేస్తుంది. తండ్రి లెక్కలో అదసలు ఉద్యోగమే కాదు, గుడ్డలు ఇస్త్రీ చెయ్యడం.

"నాన్నా, పోనీ నేను పాడి వినిపించనా? ఒక్క పాట."

ఆయనకి నవ్వొచ్చి పొలమారింది. నీళ్లు తాగి నెత్తి తట్టుకున్నాడు.

"చిన్నప్పుడు నువ్వు రాగం తీస్తే పక్కింటివాళ్లు కిటికీలు మూసుకున్నారు తల్లీ. నా చెవి ఒకసారి కాదందంటే కాదనే. అది సరేగానీ, మీ సౌండ్ ఆపరేటర్ ఎలాంటివాడు?"

"ఎందుకు?"

"ఊరికే అడిగాన్లే."

ఆ అమ్మాయి సగం తిన్న కంచంతో లేచిపోయింది. ఆయన గమనించలేదు. పథకం అప్పటికే తయారైపోయింది.

సౌండ్ ఆపరేటర్‌కి సినిమా పిచ్చి. సినిమాలో పనిప్పిస్తాననగానే మంచులా కరిగిపోయాడు.

"షో మొత్తం రికార్డు చెయ్యాలా సార్, పాటల మైకు ఒక్కటే చాలా?"

"డైలాగులు నాకెందుకోయ్? పాటలు చాలు. గొంతు మాత్రం తేటగా రావాలి."

వారం తిరక్కుండా పాటలన్నీ ఆయన చేతికొచ్చాయి. స్టూడియో తలుపులు వేసుకుని, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని విన్నాడు. విన్నవాడు విన్నట్టే కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. కళ్లు చెమర్చాయి.

'ఇలాంటి గొంతు నా చేతుల్లో పెరిగి ఉంటేనా! పోయిపోయి ఆ పొగరుబోతుకి వచ్చింది.'

పాటకి తగ్గట్టు స్టార్ పెదాలు కదిపింది. 'పాటలన్నీ తనే పాడింది' అని పోస్టర్లు వేశారు. కొన్నాళ్లకి స్టార్ కూడా అది నమ్మేసి, గొంతు పాడవుతుందని ఐస్‌క్రీం మానేసింది.

పాటల విడుదల సభ నాడు హాలు కిటకిటలాడింది. మొదటి పాట అయ్యేసరికి జనం లేచి నిలబడి చప్పట్లు. బంగారుచెవి అందరికీ దండాలు పెడుతూ ముందు వరసలోకి చూశాడు. చేతులు అలాగే ఉండిపోయాయి. నాటకం హీరోయిన్! ఆవిడ పక్కనే ఇన్‌స్పెక్టర్!

ఇన్‌స్పెక్టర్ మర్యాదగానే ఆయన్ని మేకప్ గదిలోకి పిలిచాడు. వెనకే ఆవిడా వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"ఈ పాటలు దొంగ రికార్డింగులని ఫిర్యాదు వచ్చిందండీ. సౌండ్ ఆపరేటర్ అంతా ఒప్పేసుకున్నాడు."

బుకాయించాలని నోరు తెరిచాడు. ఆపరేటర్ ఒప్పేసుకున్నాక లాభం లేదనిపించింది. బయట జనం ఆయన పేరుతో ఈలలు వేస్తున్నారు. ఇంకో దారి కనిపించక ఆవిడ కాళ్ల మీద పడిపోయాడు.

"బుద్ధి గడ్డి తిందమ్మా. గొంతు మీదేనని స్టేజీ ఎక్కి చెప్తాను. పోస్టర్లన్నీ మార్పిస్తాను. పరువు తీయకండి, కేసు వెనక్కి తీసుకోండి."

ఆవిడ కంగారుగా వెనక్కి జరిగింది.

"అయ్యయ్యో, లేవండి! నా గొంతుకి ఆపరేషన్ అయి రెండేళ్లయింది. మాట మిగిలింది, పాట పోయింది. అప్పట్నుంచీ స్టేజీ మీద నేనూ పెదాలే కదుపుతున్నాను. తెర వెనక నుంచి వేరే మనిషి పాడుతోంది. నేనిక్కడికి సాక్షిగా వచ్చానంతే."

ఆయన మోకాళ్ల మీదే ఉండి, ఒకసారి ఆవిడ వైపు, ఒకసారి ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు.

"మరి పాడుతున్నదెవరు? కేసు పెట్టిందెవరు?"

ఇన్‌స్పెక్టర్ ఇబ్బందిగా టోపీ సర్దుకున్నాడు.

"రెండూ మీ అమ్మాయేనండీ."