ఎర్రగుడ్డలో నిమ్మకాయలు

సరళ అత్తగారి సంచి సర్దుతోంది.

రెండు చీరలు, తువ్వాలు, ఫ్లాస్కు. అన్నిటికీ పైన నారింజ పొడి డబ్బా.

అత్తగారు మహాలక్ష్మమ్మకు కొన్నాళ్లుగా కడుపులో ఏదీ ఇమడడం లేదు. బందరు ఆసుపత్రిలో చేర్చమని గుడివాడ డాక్టరు చెప్పాడు. ఈలోగా ఏదో ఒకటి తాగించకపోతే దారికి కూడా ఓపిక ఉండదన్నాడు. అయినా అమావాస్య వెళ్లేదాకా కదలడానికి వీల్లేదంది సరళ.

గ్లాసులో పొడి కలిపి ఇచ్చింది. మహాలక్ష్మమ్మ ఒక గుక్క తాగి ఉమ్మేసింది.

"పంచదార నీళ్లమ్మా ఇవి. ఓ నిమ్మకాయ పిండి, ఉప్పేసి ఇవ్వు."

నిమ్మకాయలో ఏముందని సరళ విసుక్కుంది. డబ్బా మీద పళ్ల బొమ్మలు చూపించి, ఇంత బలం ఒక్క కాయలో ఎక్కడిదంది.

కూతురు లిఖిత డబ్బా వెనక్కి తిప్పి చదివింది.

"మొదట రాసిందే పంచదారమ్మా. సి విటమిన్ వాళ్లు కలిపారు. నిమ్మకాయలో అయితే ఎవరూ కలపక్కర్లేదు, పంచదారా ఉండదు."

"నీ చదువు నా దగ్గర కాదు. ఆటో వచ్చిందేమో చూడు."

ఆటో రాలేదు. గేటు బయట ఎవరో ముసలామె నిలబడి, గోడ మీద ఎర్రగుడ్డ మూట పెడుతోంది. లిఖిత వెనకే వచ్చిన సరళ మూట లాగి విప్పింది. నిమ్మకాయలు.

నిన్ననే అమావాస్య. ప్రయాణానికి ఎదురుగా బొట్టు లేని మొహం.

"ఎవరు పంపారే నిన్ను?"

"ఎవరూ పంపలేదమ్మా. మా చెట్టు కాయలు. మహాలక్ష్మమ్మగారికి నోటికేమీ సయించడం లేదని తెలిసి..."

"చేతబడికి మా ఇల్లే దొరికిందా నీకు?"

సరళ చీపురుతో కాయల్ని మురిక్కాలవలోకి తోసేసింది. ఇరుగుపొరుగు పోగయ్యారు. కరెంటు స్తంభానికి కట్టేయమని ఒకరన్నారు. ఇంకొకరు ఫోన్లో వీడియో తీశారు. ముసలామె గేటు లోపలికి ఒకసారి తొంగి చూసి, బస్టాండు దారి పట్టింది.

ఆటోలో మహాలక్ష్మమ్మ ఆ గొడవేమిటని అడిగింది. పీడ ఎలా వదిలించిందీ సరళ గొప్పగా చెప్పింది.

"ఎడం కంటి కింద మచ్చ ఉందా?"

"ఉంది. మీకెలా తెలుసు?"

"బస్టాండుకి పోనివ్వమను."

ముసలామె ఎక్కిన అవనిగడ్డ బస్సు అప్పటికే వెళ్లిపోయింది. ఖాళీగా ఉన్న చోటునే చూస్తూ మహాలక్ష్మమ్మ అడిగింది.

"గేటు దాటి లోపలికొచ్చిందా?"

"లేదు నానమ్మా," అంది లిఖిత.

"రాదు. మన వాళ్లెవరి గడపా తొక్కొద్దని మా నాన్న ఒట్టు వేయించాడు."

బందరు ఆసుపత్రిలో సరళ ఏం కలిపి పట్టుకొచ్చినా ఆవిడ గుక్కెడైనా తాగలేదు.

అవనిగడ్డ సాల్మన్ రాజును పెళ్లాడిందని పుట్టింటివాళ్లు వెళ్లగొట్టిన ఆవిడ సొంత చెల్లెలు రావమ్మ, ఆ తర్వాతి శుక్రవారం అక్క శవాన్ని గుడివాడ తెచ్చినప్పుడు కూడా ఆ గేటు దగ్గరికి మళ్లీ రాలేదు.