సీలు విప్పని కారు

“సీలెందుకు కోశారండీ!” కస్టమ్స్ కౌంటర్ ముందు లబోదిబోమన్నాడు బొమ్మకార్లు సేకరించే పెద్దమనిషి.

“లోపలేముందో చూడొద్దా?” అన్నాడు ఆఫీసరు.

“నలభై ఏళ్లుగా ఎవరూ విప్పని బొమ్మకారు పెట్టె! విప్పితే విలువ సగం పోతుంది.”

“అలాగా! డ్యూటీ మాత్రం విప్పని పెట్టె ధరకే వేశాం.”

“కారు ధరకి రెట్టింపు షిప్పింగ్ కట్టాను. దానిమీదా డ్యూటీ వేశారు. పైగా ఈ కోతొకటి!”

వాళ్ల గొడవ వాళ్లది. పక్కనున్న ఆయన భార్య మాత్రం పెట్టెలోంచి కారు తీసి, కీ ఇచ్చి బల్లమీద వదిలింది. అది రయ్యిమని పరుగెత్తి, రబ్బరు స్టాంపును గుద్దుకుని ఆగింది.

పెద్దమనిషి మాట మరిచి అలాగే చూస్తుండిపోయాడు.

“ఏమైందమ్మా ఈయనకి?” కంగారుపడ్డాడు ఆఫీసరు.

“ఏం లేదండీ. ఇంట్లో ఇలా సీలు విప్పనివి రెండొందలున్నాయి. బొమ్మకారు కదలడం మా ఆయన చూడ్డం ఇదే మొదటిసారి.”