కంబన్న మెచ్చిన పాటలు

"ఆ పాట తీసేయప్పా. ఎవురికీ ఎక్కలేదు."

టెంపోలో స్పీకరు పెట్టె మీద చెయ్యేసుకుని కూర్చున్న తలపాగా ఆయన గట్టిగా అన్నాడు.

పక్కనే ఉన్న నిస్సీకి ఒళ్లు మండింది. అది ఆమె ఏరికోరి తెచ్చిన పాట.

డ్రైవరు యేసుప్రసాద్ నవ్వుతూ తర్వాతి పాట పెట్టాడు.

నిస్సీ కర్నూల్లో ఒక ఎఫ్ఎం రేడియోలో చేరింది. చేరిందంటే, ఇంకా పూర్తిగా చేరలేదు. శనివారం పొద్దున అరగంట కార్యక్రమం ఇచ్చారు. ఆ వారం వచ్చిన కొత్త పాటల్లోంచి రకానికొకటి ఏరి, ఇవి వినండి అని జనానికి చెప్పాలి. సినిమా పాట, చర్చి పాట, భజన, జానపదం, కుర్రకారు కోసం ర్యాప్. నెల తిరిగేలోపు జనం నుంచి ఫోన్లు వస్తే ఉద్యోగం. రాకపోతే ఇంటికి.

మొదటి వారం ఒకే ఒక్క ఫోను వచ్చింది. అది చేసింది వాళ్ల నాన్న దావీదురాజు.

రెండో వారం ఆయన కూడా చెయ్యలేదు.

పాత పాటలు విని విని విసుగొచ్చిందని యేసుప్రసాద్ అడిగితే, కొత్తవన్నీ పెన్‌డ్రైవులో వేసి ఇచ్చింది. కోడుమూరు నుంచి కర్నూలు దాకా దారంతా అవే మోగుతున్నాయి. తను మాత్రం ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, ఏ పాటను ఎన్ని లక్షల మంది చూశారో ఫోన్లో వెతుక్కుంటూ కూర్చుంటుంది.

తర్వాతి పాట ర్యాప్. తలపాగా ఆయన స్పీకరు మీద చెయ్యి తియ్యకుండా, ఎదుటి సీట్లో వాళ్లనే చూస్తూ కూర్చున్నాడు. అక్కడ ఆకుకూరల గంపతో విశ్వాసమ్మ, ఇద్దరు కాలేజీ పిల్లలు ఉన్నారు.

"ఇది శానా బాగుండాది" అని తల ఊపాడు.

నిస్సీకి నవ్వొచ్చింది. ఈ వయసులో ఈయనకు ర్యాపు కావాల్సి వచ్చింది మరి.

"ఏం తాతా, దీంట్లో నీకేం నచ్చింది?"

ఆయన తల తిప్పలేదు.

మళ్లీ అడిగింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. అడిగిందానికి జవాబు చెప్పడానికి కూడా ఇంత బెట్టా అనుకుని, ఇక ఆయనతో మాట్లాడకూడదని తీర్మానించుకుంది.

ఆయన పేరు కంబన్న అనీ, దారిలోని ఊళ్లో ఎక్కుతాడనీ, కంబళ్లు నేసి కర్నూల్లో అమ్ముకుంటాడనీ యేసుప్రసాద్ తర్వాత చెప్పాడు. చెబితే మాత్రం ఏం, కోపం తగ్గలేదు.

కానీ కంబన్న ఊరుకోడు కదా. ఒక పాటకు పెదవి విరుస్తాడు. ఇంకోదానికి తలపాగా జారిపోయేటట్టు ఊగుతాడు. లక్షల మంది చూసిన సినిమా పాటను వద్దన్నాడు. ఫోన్లో వందమంది కూడా చూడని చర్చి పాటను మాత్రం "దీన్ని ఇడిసిపెట్టొద్దు పాపా" అన్నాడు. అనేసి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

మూడో వారానికి నిస్సీకి ఏమీ తోచలేదు. ఎటూ పోయేదే కదా అన్న మొండితనంతో, కంబన్న తల ఊపిన పాటలనే వేసింది.

పాటలు అయిపోకముందే ఫోను మోగింది.

మంత్రాలయం నుంచి ఒకావిడ భజన మళ్లీ వెయ్యమంది. శ్రీశైలం దారిలో లారీ ఆపుకుని ఒకాయన జానపదం పాడినవాళ్లెవరని అడిగాడు. చర్చి పాట కోసం అయితే ఊళ్లకు ఊళ్లే చేశాయి. ఒక ముసలావిడ గొంతు తగ్గించి, ఆ దడదడ పాట ఇంకొకసారి వెయ్యమ్మా అంది.

నెల తిరిగేసరికి ఉద్యోగం ఖాయమైంది. నిస్సీ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. కంబన్న మీద కోపం ఎటు పోయిందో ఆమెకే తెలీదు.

మొదటి జీతం రాగానే చిన్న రేడియో ఒకటి కొని, తమ స్టేషను తనే పట్టించి, టెంపోలో కంబన్న చేతుల్లో పెట్టింది.

ఆయన రేడియోను చూశాడు. ఆమె ముఖం చూశాడు.

"నాకెందుకు పాపా ఇది?" అన్నాడు.

మొహమాటపడుతున్నాడనుకుని ఆయన వేళ్లు దాని చుట్టూ ముడిచింది. కంబన్న నవ్వి, రేడియోను కళ్లకద్దుకుని పంచె మడతలో దోపుకున్నాడు.

మూడు వారాలు పోయాక ఒక సోమవారం కంబన్న రాలేదు. ఆయన ఎక్కే ఊళ్లో, ఆయన కంబళ్ల మూటతో వాళ్లావిడ గిడ్డమ్మ ఎక్కింది. నిస్సీ గబుక్కున జరిగి పక్కన చోటిచ్చింది.

"తాతకేమైందవ్వా?"

"ఏం కాలేదు. గొర్రెలు ఈనతాండాయని ఇంటికాడుండాడు. నువ్వేనా రేడియో ఇచ్చిన పాపవి?"

నిస్సీ సిగ్గుపడుతూ ఔనంది. తాత తన కార్యక్రమం పెడుతున్నాడా అని అడిగింది.

పెట్టకపోవడమా అంది గిడ్డమ్మ. శనివారం వస్తే పనులన్నీ మాన్పించి, ఇంటిముందు జనాన్ని కూర్చోబెట్టి, రేడియో మధ్యలో పెడతాడట. తను మాత్రం వాళ్లకు ఎదురుగా గొంతుక్కూర్చుంటాడట.

నిస్సీకి కడుపు నిండినట్టయింది. వచ్చే వారం పాటలు ఏరడానికి ఇదే అదను అనుకుంది.

"మొన్న ఏసిన వాటిల్లో ఏది మంచిదన్నాడవ్వా?"

"భజన. మా చెల్లెలు కండ్లు తుడుసుకునింది గదా, అదేనంట."

"మీ చెల్లెలి సంగతి సరే, తాత చెవికి ఏది ఇంపుగా ఉండాది?"

గిడ్డమ్మ ఆమె వైపు వింతగా చూసింది.

"నీకు తెలీదా పాపా? ఆయప్పకు చెవులు ఇనపడక శానా ఏండ్లాయ, మా మొగాలు సూసే చెప్తాడు ఏది మంచి పాటో."