బారెడు నేల

కోసిగి దారిలో కట్టిన కొత్త చర్చికి లోపల ఒక్క స్తంభమూ లేదు. కాంక్రీటు కప్పు కింద అందరికీ ఒకటే నేల, గాలికి రెండు పక్కలా తలుపులు. పాత చర్చిలో రెడ్లకూ మాలపల్లికీ మధ్య నడుమెత్తు గోడ ఉండేది. ఎవరి వాకిలి వాళ్ళదే.

గోడ ఏదని ఫాదరును నిలదీయడానికే తొలి పూజకు వచ్చాడు చౌరిరెడ్డి. చూస్తే జనమే రెండు పక్కలకూ సర్దుకుని, మధ్యలో బారెడు నేల వదిలి కూర్చున్నారు. అతని కోపం చల్లారింది.

పూజ అయ్యాక ఫాదరు అతని చేతికి శాలువా ఇచ్చి, చర్చి కట్టిన మాలపల్లి మేస్త్రీ దావీదుకు కప్పమన్నారు.

దావీదు లేచి వచ్చి, ఖాళీ నేల అంచున ఆగిపోయాడు. ఆ బండలు పరిచింది అతనే.

"రారా దావీదూ. ఈడ గోడ యాడుంది?" అన్నాడు చౌరిరెడ్డి.

"మీరు ఆడనే ఉండండి రెడ్డీ. నేను సుట్టు తిరిగి వస్తా."

దావీదు తన పక్క తలుపు గుండా ఎండలోకి పోయాడు.

చర్చంతా ఎదురుచూస్తోంది. చౌరిరెడ్డి తల దించుకున్నాడు. దావీదు వచ్చేలోగా ఆ బారెడు నేల తనే దాటుదామనుకున్నాడు.

కాళ్ళు కదల్లేదు.