రంగులో ఒక్క పేజీ

"అమ్మా, గిది ముప్పై ఎనిమిది ఎంబీలుంది. ఐదు దాటితే మెయిల్ల పోదు," అంది స్వప్న. పొద్దున్నుంచి ఆ మాట ఎంతమందికి చెప్పిందో ఆమెకే గుర్తు లేదు.

"అది పోకపోతే నా చేను పోతది బిడ్డా," అంది అనంతమ్మ.

జహీరాబాద్ బస్టాండ్ వెనక సందులో స్వప్న నెట్ సెంటర్ నడుపుతోంది. టైము మూడున్నర. అనంతమ్మది న్యాల్‌కల్ అవతల ఒక పల్లె. కొత్త రోడ్డు బీడు భూముల్లోంచే వేస్తామన్నారు. ఆమె రెండెకరాలు బీడేనని విచారణ రిపోర్టు వచ్చింది. ముప్పై ఏళ్లుగా ఆమె కంది, జొన్న పండిస్తున్న చేను అది. కాదని చెప్పుకోవడానికి ఈ సాయంత్రం ఐదు వరకే గడువు. అదీ మెయిల్లోనే పంపాలట.

"ఆ రిపోర్టు రాసిన సారు మా చేను మొఖం గూడ చూడలే. యాడనో కూసోని రాసిండు. వాని చెయ్యి ఇరిగిపోను."

గోడ పక్క కుర్చీలో పింఛన్ కాగితాలు పట్టుకుని కూర్చున్న పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "నాది తొందర లేదు. ముందు ఆమెది చూడు బిడ్డా."

అనంతమ్మ కాగితాలన్నీ స్కాన్ చేసిన ఫైలును స్వప్న వీలైనంత చిన్నది చేసింది. మూడు ఎంబీలకు దిగింది గానీ, అక్షరాలు వానలో నానిన పేపర్‌లా అలుక్కుపోయాయి. విసుగ్గా దాన్ని చెరిపేసి మళ్లీ మొదలుపెట్టింది. తెర మీద రిపోర్టు పేజీ రాగానే పెద్దాయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"ఎన్ని పేజీలు?"

"నలభై ఒకటి."

"ఆధార్ ఎన్నిసార్లు పెట్టిన్రు?"

"మూడు."

"రెండు తియ్యి. ఖాళీ పేజీలు తియ్యి. చేను ఫోటోలు పన్నెండెందుకు? కంది కాత మీదున్నది ఒక్కటి చాలు."

స్వప్న ఆయన వైపు ఓరగా చూసింది. ఇలాంటి వాళ్లు ఆమెకు కొత్త కాదు. ఆఫీసుల చుట్టూ తిరిగే పైరవీకారులు. మధ్యలో దూరి నాలుగు సలహాలిస్తారు, పని కాగానే చెయ్యి చాస్తారు. గట్టిగా ఒక మాట అందామనుకుంది కానీ, నడుము లాగేస్తోంది. ఎవరితోనూ పెట్టుకునే ఓపిక లేదు.

పంతొమ్మిది ఎంబీలైంది. ఇంకా తగ్గాలి. మొత్తం నలుపు తెలుపు చేసింది. నాలుగుకు దిగింది.

"పోతది అమ్మా," అంది ఊపిరి పీల్చుకుని.

"ఆగు," అన్నాడు పెద్దాయన. "రిపోర్టు పేజీ చూపెట్టు."

చూపించింది. కింద సంతకం ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఆకుపచ్చ సిరాతో పెట్టిన సంతకం, ముద్ర రెండూ రంగుతో పాటే పోయాయి.

"ఎవరు రాసిన్రో లేకపోతే రేపు ఎవర్నడుగుతరు?"

"రంగు పెడితే ఐదు దాటుతది సార్."

"ఆ ఒక్క పేజీ రంగుల ఉంచు. మిగిలినయి నలుపే ఉండనీ."

స్వప్న నిట్టూర్చింది. నాలుగున్నర కావస్తోంది. ఆ పేజీని విడిగా రంగులో స్కాన్ చేసి, మిగతా వాటితో కలిపింది. నాలుగు పాయింట్ ఎనిమిది. పెద్దది చేసి చూసింది. సంతకం, ముద్రలోని పేరు, తేదీ అన్నీ చదవడానికి వస్తున్నాయి.

"ఆ తేదీ ఆదివారం," అన్నాడాయన. "ఆ రోజు తనిఖీకి ఎవరూ రాలేదని మెయిల్ల రాసే ఉత్తరంల ఒక ముక్క రాయి."

స్వప్న క్యాలెండర్ చూసింది. ఆదివారమే. పైరవీకారులకు ఇవన్నీ నోటికి ఉంటాయి కాబోలు అనుకుంటూ రాసింది.

నాలుగూ యాభై రెండుకు మెయిల్ వెళ్లింది. నాలుగు నిమిషాలకు, అందినట్టు జవాబు వచ్చింది. అనంతమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ రోజు మొత్తంలో స్వప్నకు సంతోషం వేసింది అప్పుడే.

"నీ కడుపు సల్లగుండ సారూ. ఆ రాసినోనికి నీ అసొంటి గుణం ఒక్క పూట ఉన్నా నాకీ తిప్పలు రాకపోయేటియి."

"బస్సు అందుకో అమ్మా," అన్నాడాయన. అనంతమ్మ వెళ్లిపోయింది.

ఇక చెయ్యి చాస్తాడని స్వప్న ఎదురుచూసింది. ఆయన ఏమీ అడగలేదు. తన కాగితాలు ముందుకు జరిపాడు.

"ఇవి గూడ పంపాలె. మొన్ననే రిటైరైన."

"ఆమె మీకు తెలుసా సార్?"

"లేదు. ఇయ్యాలనే చూసిన."

"మరి గంటన్నర కూసున్నరు. అలసిపోయి ఉంటరు."

"అలసిపోయిన బిడ్డా. ఇయ్యాల కాదు, శాన దినాలైంది."

స్వప్న మొదటి కాగితం స్కానర్‌లో పెట్టింది. తెర మీద ఆయన పేరు, హోదా వచ్చాయి. మౌస్ మీద ఆమె చెయ్యి ఆగింది. అరగంట కిందట ఆ పేరునే ఆమె పెద్దది చేసి చదివింది.

అనంతమ్మ చేను బీడని రాసింది ఆయనే.